నాగమణమ్మ చెయ్యి ఆగిన చోట

ట్యాంకులో నీళ్లు పోస్తున్నంతసేపూ ఎల్లేష్ పెదవులు కదులుతూనే ఉన్నాయి. మందు కొలిచి పోశాడు, కర్రతో కలిపాడు, మూత బిగించి పంపు కొట్టి చూశాడు. చేతుల పని చేతులది, పెదవుల పని పెదవులది. వార్డు ఆఫీసు వెనక రేకుల షెడ్డు కింద బూట్లు తొడుక్కుంటున్న మిగతా పనివాళ్లు అతన్ని చూసి మోచేతులతో పొడుచుకుని నవ్వుకుంటున్నారు.

"ఏంది ఎల్లేషూ, పొద్దుగాల్నే మంత్రం జపిస్తున్నవ్?" అన్నాడు సూపర్‌వైజర్ రామలింగం. "మంత్రాలకు దోమలు పోతే మన నౌకరీలు ఏం గావాలె?"

"మంత్రం గాదన్నా. రాసింది నోటికొస్తదో లేదో చూస్కుంటున్న."

"మల్ల రాసినవా?" రామలింగం నెత్తి కొట్టుకున్నాడు. "మందు కొట్టేటోనికి రాత రోగం పట్టింది. దానికి మందు యాడ దొరుకుతదో ఏమో!"

అందరూ నవ్వారు. ఎల్లేష్ కూడా నవ్వాడు. ఈ రోజు ఎవరేమన్నా నవ్వేటట్టే ఉన్నాడు. ట్యాంకు ఎత్తి వీపుకు తగిలించుకుని, పట్టీలు సర్దుకుని, గొట్టం చేతిలో పట్టుకుని గేటు దాటాడు.

నలభై దాటిన మనిషి. బక్కగా ఉంటాడు. ట్యాంకు పట్టీ లాగీ లాగీ కుడి భుజం ఎడమ భుజం కంటే కిందికి జారింది. ట్యాంకు లేనప్పుడు కూడా ఒక పక్కకు ఒరిగే నడుస్తాడు. ఖాకీ చొక్కా వీపు మీద ట్యాంకు ఆనిన మేర రంగు వెలిసి తెల్లటి పలకలా కనబడుతుంది. గోళ్ల చుట్టూ చర్మం మందుకు పొట్టు లేచి ఉంటుంది. ఒంట్లో గట్టిగా ఉన్నది ఒక్క గొంతే. గల్లీ ఈ చివర నిలబడి "మచ్ఛర్ కీ దవా! దోమల మందూ!" అని అరిస్తే ఆ చివరింట్లో ఆడవాళ్లు పరదా సర్దుకుని లోపలికి జరుగుతారు. పాతబస్తీలోని ఈ జహనుమా గల్లీల్లో చాలామందికి అతని పేరు తెలియదు. మచ్ఛర్‌వాలా అంటారు. తెలుగిళ్లలో దోమలన్న అంటారు. టెన్త్ గట్టెక్కాక ఈ పనిలో చేరినప్పటి నుంచీ అతను చేసింది ఇదే. తలుపు తట్టడం, డ్రమ్ముల్లో టార్చి వేసి చూడటం, మోరీల్లో మందు కొట్టడం, గుమ్మం పక్కన గోడ మీద సుద్దముక్కతో తారీఖు వేయడం, పక్కింటికి పోవడం.

అటువంటి మనిషి ఈ సాయంత్రం తన రాతను చదివి వినిపించబోతున్నాడు. అది గట్టెక్కితే రేపు పొద్దున గోడకెక్కుతుంది.

ఫలక్‌నుమా స్టేషన్ నుంచి జహనుమా వైపు వచ్చే దారిలో డానియేలు సార్ ఇంటి ప్రహరీకి ఒక చెక్క బోర్డు ఉంది. నెలకోసారి దాని మీద కొత్త గోడపత్రిక అంటిస్తారు. పత్రిక పేరు 'గట్లెందుకు?'. ఉల్లిగడ్డ కోస్తే కళ్లెందుకు మండుతాయి, ఫ్రిజ్ వెనక వేడి ఎందుకు, మెరుపు ముందొచ్చి ఉరుము వెనకెందుకు వస్తుంది, ఇలాంటివన్నీ చార్టు మీద పెద్ద అక్షరాల్లో, రంగుల బొమ్మలతో ఉంటాయి. లోకల్ రైలు దిగినవాళ్లు చాయ్ తాగుతూ చదువుతారు. డానియేలు సార్ రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసి రిటైరైన మనిషి. "డ్రైవరు బండి ఆపి, సిగ్నలుకు అర్థం ఏందని ఆలోచిస్తడా? చూడంగనే తెల్వాలె. రాత గూడ గట్లనే ఉండాలె" అంటాడాయన.

పోయిన వానాకాలం స్వీటీకి డెంగీ వచ్చింది. స్వీటీ ఎల్లేష్ కూతురు, ఎనిమిదో తరగతి. ఊరందరి డ్రమ్ముల్లో టార్చి వేసే మనిషి ఇంట్లోనే జ్వరం! దీపం కింద చీకటి అని గల్లీ అంతా అనుకుంది, కొందరు మొహం మీదే అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోయి పిల్ల ఆసుపత్రి మంచం మీద పుల్లలా పడి ఉంటే, ఎల్లేష్ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చాడు. పిల్ల బతికి బయటపడింది. ఒత్తుగా ఉండే జుట్టు సగం ఊడి, ఇప్పుడిప్పుడే మళ్లీ వస్తోంది. ఆ తర్వాతే అతను డానియేలు సార్ గేటు తట్టి, దోమల మీద ఏమన్నా రాయండి సార్ అని అడిగాడు.

"రోజూ దోమల నడుమ తిరిగేది నువ్వా నేనా? నువ్వే రాయి" అన్నాడు డానియేలు.

అలా మొదలైంది రాత రోగం.

మొదటిది బడిలో రాసినట్టే రాశాడు. 'దోమ అనునది కీటక జాతికి చెందిన జీవి. ఇది మిక్కిలి హానికరమైనది.' డానియేలు చదివి, "పరీక్ష రాస్తున్నవా బిడ్డా? స్టేషన్ల దిగినోడు నీకు మార్కులేస్తడా?" అన్నాడు. రెండోదాంట్లో చావులూ రక్తం కక్కుకోవడాలూ రాసి అందరినీ బెదరగొట్టాడు. "గిది చదివినోడు భయపడి ఇంట్ల పండుకుంటడు. భయపడ్డోడు పని చేస్తడా?" మూడోదాని నిండా 'చేయవలెను, చేయరాదు' అని రాశాడు. దాన్ని డానియేలు సగమే చదివి మడిచి ఇచ్చాడు. 

కానీ అసలు పరీక్ష డానియేలుది కాదు, నాగమణమ్మది.

నాగమణమ్మ డానియేలు సార్ ఇంటి వెనక గదిలో అద్దెకుంటుంది. రోజూ మధ్యాహ్నం నుంచి ముందరి అరుగు మీద కూర్చుని పూలు కడుతుంది. కాలి బొటనవేలికి దారం చుట్టుకుని, ఒళ్లో తడిగుడ్డలో మల్లెలు పోసుకుని, చూపు ఎటున్నా వేళ్లు వాటి పని అవి చేసుకుపోతాయి. అక్షరమ్ముక్క రాదు. 'గట్లెందుకు?' మొదలైనప్పటి నుంచీ ఉన్న ఆనవాయితీ ఏమిటంటే, ఎవరు రాసినా ముందు ఆమెకు చదివి వినిపించాలి. ఎక్కడ ఆమె వేళ్లు ఆగితే అక్కడ మాట అర్థం కాలేదని లెక్క. డానియేలు ఎర్ర పెన్సిలుతో అక్కడ గీత గీస్తాడు. చివరిదాకా చెయ్యి ఆగకపోతే రాత గోడకెక్కుతుంది. అంతకుముందు ఒకసారి ఎల్లేష్ చదువుతుంటే 'లార్వా' దగ్గర ఆమె వేళ్లు టక్కున ఆగాయి. "గాయన ఎవరు?" అంది. ఆ మాట కొట్టేసి నీళ్లల్లో తోకాడించే పురుగులు అని రాసుకున్నాడు.

దండ మధ్యలో వదలడం ఆమె ఇంటావంటా లేదు. "దేవునికి పోయే దండ, నడుమ లేస్తే ఎంగిలైనట్లే" అంటుంది. ఒకసారి గ్యాస్ బండి వచ్చి గల్లీలో హారన్ కొట్టి కొట్టి పోయినా లేవలేదు, వారం రోజులు కట్టెల పొయ్యి మీద వండుకుంది. ఇంకోసారి పక్కింట్లో కొట్టుకుంటుంటే అరుగు మీద నుంచే రెండు పక్షాలనూ తిట్టింది కానీ దారం వదల్లేదు.

నాలుగో రాత ఆమె చెయ్యి ఆగకుండా గట్టెక్కింది. శుక్రవారం శుక్రవారం డ్రమ్ముల్లో నీళ్లు పారబోయండి, నీళ్లు లేకపోతే పురుగు లేదు, పురుగు లేకపోతే దోమ లేదు. అంతే. ఎండాకాలం మొదట్లో గోడకెక్కింది. జనం నిలబడి చదివారు. చాయ్ కొట్టతను "మస్తు రాసినవన్నా" అని డబ్బులు తీసుకోలేదు. ఎల్లేష్ రెండు రోజులు గాల్లో తేలాడు.

మూడో వారం నాగమణమ్మ ఇంటి వెనక మందు కొట్టడానికి పోతే, "నువ్వు రాసినట్లే చేస్తున్న, చూడు కొడుకా" అని గొప్పగా చూపించింది. పక్కపక్కన రెండు డ్రమ్ములు. శుక్రవారం ఈ డ్రమ్ములో నీళ్లు ఆ డ్రమ్ములోకి ఒంపుతుంది, శనివారం ఆ డ్రమ్ములోవి ఈ డ్రమ్ములోకి. ఒక్క చుక్క కింద పడదు. రోజు విడిచి రోజు వచ్చే నల్లా కోసం పొద్దున్నే లేచి కొట్లాడి పట్టుకున్న నీళ్లు, పారబోయమంటే ఎవరు పారబోస్తారు? గుడ్డ కట్టి వడగట్టింది కూడా. టార్చి వేసి చూస్తే రెండింట్లోనూ పురుగులు తోకలాడిస్తున్నాయి. ఇంటికొచ్చి చూస్తే భార్య అమల కూడా అదే పని చేస్తోంది. పైగా ఆమె ఒకసారి నిజంగానే డ్రమ్ము ఒంపి, మళ్లీ నింపింది. అయినా పురుగులొచ్చాయి.

"బాపూ, పారబోసినం గదా, మల్ల యాడికెళ్లి వచ్చినయి?" అని స్వీటీ అడిగింది. 

ఎల్లేష్ డానియేలు దగ్గరికి పరుగెత్తాడు. ఇద్దరూ కళ్లజోళ్లు పెట్టుకుని పుస్తకాలు తిరగేశారు. డెంగీ దోమ గుడ్లు నీళ్లలో పెట్టదు. నీళ్లకు కాస్త పైన, తడిగా ఉన్న డ్రమ్ము లోపలి గోడకు అంటిస్తుంది. నీళ్లు పారబోస్తే అవి పోవు. ఎండబెట్టినా నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. తోమితేనే పోతాయి. ఎల్లేష్‌కు అప్పుడు గుర్తొచ్చింది. ఆఫీసులో ఇచ్చే కరపత్రంలో చిట్టచివర 'రుద్ది కడగవలెను' అని ఎప్పటి నుంచో ఉంది. వందలసార్లు పంచాడు దాన్ని. చూశాడు కానీ చదవలేదు, చదివాడు కానీ పట్టలేదు. పోయిన ఏడాది తన ఇంట్లో డ్రమ్ము కూడా ఏనాడూ తోమలేదు. ఆ రాత్రి స్వీటీ తల మీద కొత్తగా మొలుస్తున్న జుట్టును నిమురుతూ చాలాసేపు కూర్చున్నాడు.

వానలు మొదలయ్యే మిరుగు కార్తెకు ఇంకా నాలుగు రోజులుంది. వానలు పడితే ప్రతి ఇంట్లో డ్రమ్ములు నిండుతాయి. ఎండిపోయి గోడలకు పట్టుకుని ఉన్న గుడ్లన్నీ కళ్లు తెరుస్తాయి. ఈ లోపల ఈ ఐదో రాత గోడకెక్కాలి. ఎక్కడమే కాదు, చదివినవాళ్ల చేతికి తోమే పీచు రావాలి. ఇన్నాళ్లూ అతని పెదవుల మీద ఆడుతున్నది అదే. కానీ మొదలు కుదరడం లేదు. 'దోమ గుడ్లు గోడకు అంటుకొని ఉంటయి' అని మొదలుపెడితే వినేవాళ్లు ఊ కొడుతున్నారు, అంతే. ఊ కొడితే పని జరగదని నాలుగో రాత నేర్పింది.

ఈ రోజు పొద్దున పనికి బయల్దేరేముందు అమలకు చదివి వినిపిస్తే ఆమె వినుకుంటూ పొయ్యి సంగతి మరిచిపోయింది. ఖిచిడీ అడుగంటింది.

"నీ దోమలు సల్లగుండ! గిన్నె మాడిపోయె" అని గిన్నె దించింది. స్వీటీ దాంట్లో నీళ్లు పోసి, గిర్రున తిప్పి పారబోసి బోర్లించబోతే కసురుకుంది. "పైపైన నీళ్లు పోసి ఒంపితే మాడు పోతదా? పీచు పట్టి తోము!"

ఎల్లేష్ ఆ మాట విన్నాడు. మాడు వాసన వేసే ఖిచిడీలో పుల్లటి ఖట్టా పోసుకుని తిని, పనికి వచ్చేశాడు.

గల్లీ ఎండకు సెగలు కక్కుతోంది. ఎల్లేష్ ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. ఈ రోజు గొంతు మరీ ఖంగుమంటోంది. "అరె, ఆజ్ క్యా ఖాకే ఆయే మియా?" అని, ఏం తిని వచ్చావన్నట్టు, ఒకాయన కిటికీలోంచి అడిగాడు కూడా. పని చేస్తున్నంతసేపూ ఎండ వైపు చూస్తున్నాడు. సాయంత్రం ఎంతకీ దగ్గరపడదు.

మధ్యాహ్నం ఎల్లేష్ జహంగీర్ భాయ్ ఇంటికి చేరాడు. జహంగీర్ భాయ్ మగ్గం పెట్టుకుని చీరలకు జరీ పని చేస్తాడు. లోపల ఆడవాళ్లు పక్క గదిలోకి జరిగాక, ఎల్లేష్ పెరట్లో డ్రమ్ము మూత ఎత్తి టార్చి వేశాడు. నీళ్లు సగానికి దిగి ఉన్నాయి. ఒకప్పుడు నీళ్లున్న మేర గోడ చుట్టూ నల్లటి గీత. ఎన్ని వేల డ్రమ్ముల్లో చూశాడో ఆ గీతను! టార్చి దాని మీద తిప్పాడు. అడుగున పట్టిన మాడులా ఉంది.

మాడులా ఉంది.

ఎల్లేష్ చేతిలో టార్చి నీళ్లలో పడబోయింది. 'పైపైన నీళ్లు పోసి ఒంపితే మాడు పోతదా?' అమల గొంతు చెవి పక్కనే వినిపించింది.  ఇదే మొదలు! మాడని గిన్నె ఏ ఇంట్లో ఉంటుంది? తోమని ఆడమనిషి ఎవరుంటుంది? ఇన్ని నెలలు దోమ దగ్గర మొదలుపెట్టి చచ్చాడు, మొదలుపెట్టాల్సింది గిన్నె దగ్గర!

రాసుకోవాలి. జేబులో కాగితం లేదు. సుద్దముక్క ఉంది. ఒక్క అంగలో బయటికొచ్చి, తారీఖు వేయాల్సిన చోట, గుమ్మం పక్కన గోడ మీద గబగబా రాయడం మొదలుపెట్టాడు. 'మీ ఇంట్లో అన్నం ఎప్పుడన్న మాడిందా? నీళ్లు పోసి ఒంపితే మాడు పోయిందా?' అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. గోడ బారెడు మేర నిండిపోతోంది.

వెనక నుంచి కేక వినబడింది. జహంగీర్ భాయ్ మగ్గం వదిలి, సూది చేత్తోనే పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"క్యా లిఖ్‌రే మియా? నోటీస్ హై క్యా? రోడ్డు వెడల్పు జేస్తున్నరా? నా ఇల్లు పోతదా?"

పాతబస్తీలో గోడ మీద సర్కారు మనిషి ఏం రాసినా మొదట వచ్చే భయం అదే. వెనకటికి జహంగీర్ భాయ్ మామ ఇంటి గోడ మీద ఇలాగే ఒక గుర్తు పెట్టి, ఏడాది తిరిగేలోగా ముందు గది కూల్చారు. ఎల్లేష్‌కు నవ్వూ సిగ్గూ కలిసి వచ్చాయి.

"నై భాయ్, ఫికర్ నక్కో కరో. మచ్ఛర్ కీ బాత్ హై. నేనే రాసుకుంటున్న."

"మచ్ఛర్ కీ బాత్ నా గోడ మీద కైకూ?" అన్నాడు జహంగీర్ భాయ్, ఊపిరి పీల్చుకుని. తెలుగు చదవడం రాదు కాబట్టి నమ్మకం కుదరలేదు. తడిగుడ్డ తెచ్చి ఎల్లేష్ ముందే గోడ తుడిచేశాడు. తుడుస్తుంటే ఎల్లేష్ ఒక్కో మాటా పైకి చదువుకుంటూ నోటికి ఎక్కించుకున్నాడు. తుడిచాక జహంగీర్ భాయే జాలిపడి గ్లాసుడు చల్లటి నీళ్లిచ్చాడు. మిగిలిన ఇళ్లలో ఆ రోజు ఎల్లేష్ మందు కొట్టాడు, టార్చి వేశాడు, తారీఖులు వేశాడు. ఏ ఇంట్లో ఏం చేశాడో అడిగితే చెప్పలేడు.

ట్యాంకు అప్పజెప్పి, చేతులు కూడా సరిగా కడుక్కోకుండా ఇంటికొచ్చాడు. స్వీటీ నోట్సులోంచి ఒక తెల్లకాగితం చింపించుకుని, గడప మీద కూర్చుని రాశాడు. స్వీటీ భుజం మీద నుంచి చదివింది.

"బాపూ, గిది అమ్మ మాట గదా!"

"మీ అమ్మ మాటనే. నా మాట ఎవరింటరు?"

లోపల్నుంచి అమల "నా పేరు గూడ రాయుమను" అంది. ఎల్లేష్ అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

డానియేలు సార్ అరుగు మీద కుర్చీ వేసుకుని, ఎర్ర పెన్సిలు చెక్కుతున్నాడు. నాగమణమ్మ మామూలు చోట మామూలుగా కూర్చుని ఉంది. బొటనవేలికి దారం, ఒళ్లో మల్లెలు, పక్కన కట్టి పెట్టిన మూరలు చుట్టలుగా. ఆకాశం ఒక మూల నల్లబడుతోంది. గాలిలో ఎక్కడో పడుతున్న వాన వాసన.

"వచ్చినవా కొడుకా! గీ పారైనా గట్టెక్కుతవా?" అంది.

"నీ దయ అవ్వా" అన్నాడు. కాగితం మడత విప్పాడు. గల్లీ చివరికి వినబడే గొంతును అరుగు మేరకు తగ్గించుకున్నాడు. దగ్గి మొదలుపెట్టాడు.

"మీ ఇంట్లో అన్నం ఎప్పుడన్న మాడిందా? గిన్నెల నీళ్లు పోసి ఒంపితే మాడు పోయిందా? పోదు. గోడకు పట్టుకొని కూసుంటది. పీచు పట్టి తోమితేనే పోతది."

నాగమణమ్మ వేళ్లు ఆడుతున్నాయి. రెండు మల్లెలు ఇటు, రెండు అటు, ముడి.

"గిప్పుడు మీ నీళ్ల డ్రమ్ము తానికి రండి. మూత తీయండి. నీళ్లకు జర పైన, గోడ చుట్టు నల్ల గీత కనబడుతుందా? మురికి అనుకుంటున్నరు గదా. అండ్ల దోమ గుడ్లుంటయి. నువ్వుల కంటె సన్నగ, నల్లగ. దోమ గుడ్లు నీళ్లల్ల పెట్టదు, తడి గోడకు అంటిస్తది. శుక్రవారం మీరు నీళ్లు ఒంపినరు. గుడ్లు నీళ్లతోటి పోయినయా? పోలే. గిన్నెకు మాడు లెక్క గోడకే ఉన్నయి."

వేళ్లు నెమ్మదించాయి. ఎల్లేష్ కాగితం పైనుంచి చూశాడు. ముడి పడింది. ఇంకో రెండు పూలు తీసుకుంది. అతని గొంతు లేచింది.

"డ్రమ్మును ఎండబెట్టినా అవి సావవు. నెలల తరబడి గోడను పట్టుకొని, నీళ్ల కోసం ఎదురుచూస్తయి. మీరు నల్లా నీళ్లు పట్టిన పొద్దే..."

వేళ్లు ఆగాయి.

పూలు రెండూ వేళ్ల మధ్యే ఉన్నాయి. నాగమణమ్మ తలెత్తి ఎల్లేష్ వైపు చూసింది.

"ఎండినా సావవా?"

"సావవు అవ్వా."

"నల్ల గీత?"

"నల్ల గీతనే."

 నాగమణమ్మ బొటనవేలు దారంలోంచి మెల్లగా జార్చుకుంది. ఒళ్లోని పూలు గుడ్డతో సహా పక్కన పెట్టింది. మోకాలి మీద చెయ్యి వేసి లేచి, కొంగు దోపుకుని, ఇంటి పక్క సందులోంచి వెనక్కి వెళ్లిపోయింది.

ఎల్లేష్ చదవడం ఆపేశాడు. ఇంకా సగం కాగితం ఉంది. దోమ రెక్కలు ఎంత వేగంగా కొట్టుకుంటే చెవి దగ్గర ఆ రొద పుడుతుందో రాశాడు, అది అతనికి ఎంతో ఇష్టమైన భాగం. వినకుండానే లేచిపోయింది. ఆగడమే తప్పంటే, లేచిపోవడం ఇంకెంత తప్పు! అరుగు అంచున కూలబడ్డాడు.

డానియేలు కాగితం అందుకుని పెన్సిలు పట్టుకుని వెతకడం మొదలుపెట్టాడు. "ఏ మాట కాడ ఆగింది? 'ఎండబెట్టినా'... గిది కష్టం మాట గాదే. 'నెలల తరబడి' కాడనా?"

"తరబడి తీసేస్తే?"

"తీసేస్తే ఏమొస్తది? ఆమె రోజూ అనే మాటనే గదా." డానియేలు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఇద్దరూ తలలు ఆనించి, దొంగ మాట ఎక్కడ దాక్కుందా అని ఒక్కో అక్షరం వెతికారు. దొరకలేదు. ఎల్లేష్ కళ్లు చెమ్మగిల్లాయి. మిరుగు నాలుగు రోజుల్లో ఉంది. ఇంకో రాత ఎప్పుడు రాయాలి, ఎప్పుడు వినిపించాలి?

అప్పుడు వినబడింది. వెనక నుంచి డబడబా నీళ్లు ఒంపిన చప్పుడు. ఆ వెంటనే గరగర, గరగర. ప్లాస్టిక్ డ్రమ్ము గోడకు కొబ్బరిపీచు గట్టిగా రాసుకుంటున్న చప్పుడు. మధ్యలో నాగమణమ్మ తిట్లు. "నా ఇంట్ల నీళ్లు తాగుకుంట, నా గోడకే గుడ్లు వెడుతవే ముండా! ఎదురుచూస్తవా? చూడు, ఎట్ల చూస్తవో చూడు!" తర్వాత గొంతు పెంచి గోడ అవతలికి, "ఓ పోరీ, నీ డ్రమ్ము గూడ ఒంపు! ఊకె ఒంపుడు గాదు, పీచు తీస్కొని తోము! మాడు తోమినట్లు తోము!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.  ఎల్లేష్ లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. నవ్వు వస్తోంది, కళ్లలో నీళ్లు వస్తున్నాయి, రెండింట్లో దేన్ని ఆపాలో తెలియలేదు. ఇంటికి పరుగెత్తుకెళ్లి స్వీటీకి చెప్పాలనిపించింది. జహంగీర్ భాయ్ ఇంటికి పోయి, ఉర్దూలో ఎట్లా చెప్పాలో అట్లా చెప్పాలనిపించింది. ఇన్నేళ్లు ఇన్ని తలుపులు తట్టాడు. తన మాట విని ఒక మనిషి చేస్తున్న పని వదిలి లేవడం ఇదే మొదలు.

"మిగిలింది గూడ వినిపిస్తే మంచిగుండు సార్. రెక్కల సంగతి ఉండె" అన్నాడు చివరికి.

డానియేలు ఎర్ర పెన్సిలు తీసుకుని, నాగమణమ్మ చెయ్యి ఆగిన చోట అడ్డంగా ఒక గీత గీశాడు. దాని కింద ఉన్నదంతా రెక్కలతో సహా కొట్టేశాడు.

"ఆమె లేచిన కాడ నీ రాత ఒడిసింది బిడ్డా. లేచి పోయినోళ్లకు ఇంకేం జెప్తవ్? ఆఖరుకు 'తోమండి' అని ఒక్క మాట రాయి, సాలు. రెక్కలు వచ్చే నెల రాసుకో." లోపలికి పోయి కొత్త చార్టు, నల్ల స్కెచ్ పెన్ను తెచ్చి అతని చేతిలో పెట్టాడు. "ఎప్పుడూ నేనే ఎక్కిస్త. గియ్యాల నువ్వే ఎక్కియ్యి. పెద్దక్షరాలు. కింద పేరు గూడ."

ఎల్లేష్ చార్టును అరుగు మీద పరిచాడు. గాలికి ఎగరకుండా ఒక పక్క మోకాలు పెట్టాడు. కింద ఎడమవైపు ముందుగా అమల పేరు, దాని పక్కన తన పేరు సన్నగా రాసుకుని, తర్వాత పైకి వచ్చి మొదటి అక్షరం దిద్దాడు. మొదటి చినుకు అరుగు అంచున టప్పున పడింది. వెనక గరగర ఆగలేదు. ఇప్పుడు గోడ అవతల నుంచి కూడా వినబడుతోంది.

రెండో చినుకు పడేసరికి డానియేలు వంగి పూల గుడ్డను లోపలికి జరిపాడు. దండను మాత్రం ముట్టలేదు, ఆమె వదిలిన చోటే ఉంచాడు. సగం కట్టిన మల్లెదండ, ముడి పడని రెండు పూలు, నాగమణమ్మ బొటనవేలు ఉన్నంత మేర ఇంకా గుండ్రంగానే నిలిచి ఉన్న దారం ఉచ్చు.